కొండమీద గెస్ట్‌హౌస్‌లో వరహాలమ్మ

అండమాన్ వెళ్ళొచ్చానని తెలియగానే మా స్కూలు స్టాఫ్ రూములో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "జైలు చూశావా?" అని. చూశాను. దాని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళకి పుస్తకాలు బోలెడున్నాయి. నేను చెప్పబోయేది పోర్ట్ బ్లెయిర్ రేవుకి అవతలి ఒడ్డున, కొండమీద ఉన్న ఒక పాత గెస్ట్‌హౌస్ గురించి. అక్కడికి నాతో వచ్చిన ఒక పెద్దావిడ గురించి. కాస్త మేకల గురించి కూడా.

ఓడమీద

మా చెల్లెలు సుజాతని అండమాన్ సంబంధానికి ఇచ్చి నాలుగేళ్ళయింది. రమ్మని రాయని ఉత్తరం లేదు. మొన్న దసరా సెలవులకి కొంత లీవు కలుపుకుని విశాఖపట్నంలో ఓడెక్కాను.

ఓడ గురించి గొప్పగా ఊహించుకోకండి. కింది తరగతి వాళ్ళకి రైలు బెర్తుల్లాంటి మంచాలు, వరసలు వరసలు. తీరం కనిపించినంతసేపూ హుషారుగా ఉన్నాను. తర్వాత తల ఎత్తలేదు. పక్క మంచం ఆవిడ పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో ఉంటుందట, పుట్టింటికొచ్చి తిరిగి వెళుతోంది. నా అవస్థ చూసి సంచిలోంచి ఎండు నిమ్మకాయ ముక్క తీసి, "బుగ్గన పెట్టుకో దీదీ, నమలకు" అంది. నన్ను దీదీ అని పిలిచిన మొదటి తెలుగు మనిషి ఆవిడే.

మనవైపు రైల్లో పరిచయమైతే ఏ ఊరు, ఎవరివాళ్ళు, ఏ కులం అని తవ్వుతారు కదా. ఈవిడ అవేవీ అడగలేదు. "మెయిన్‌ల్యాండ్ నించి కొత్తగా వస్తున్నావా?" అంది, అంతే. మన దేశమంతటికీ అక్కడి వాళ్ళు పెట్టుకున్న పేరు అది. కాకినాడైనా కాశ్మీరమైనా వాళ్ళకి ఒకటే, మెయిన్‌ల్యాండ్.

ప్రోతరాపూర్

మా చెల్లెలి ఇల్లు ప్రోతరాపూర్‌లో. రేకుల కప్పు, చెక్క గోడలు, చుట్టూ పోకచెట్లు. టౌనుకి బస్సులో పోతారు. బస్సులో తెలుగువాడూ బెంగాలీవాడూ తమిళుడూ అందరూ హిందీలోనే పోట్లాడుకుంటారు. సుజాత రెండేళ్ళ కొడుకు నన్ను చూసి మొదట అన్న మాట, "కౌన్ హై?"

తిండి సంగతి మనకి తలకిందులు. అక్కడ చేప కొనడానికి ఎవరూ ఆలోచించరు, వంకాయ కొనడానికి ఆలోచిస్తారు. ఉల్లిపాయలు ఓడ రాకపోతే ఇంట్లో బంగారంలా దాచుకుంటారు. నేను ఊరినించి మోసుకెళ్ళిన ఆవకాయ జాడీ కన్నా అడుగున కుక్కిన బెండకాయలకి ఎక్కువ మర్యాద జరిగింది.

ఆ ఇంట్లోనే వరహాలమ్మగారు, సుజాత అత్తగారు. శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డున పుట్టి, మొగుడి వెంట స్వతంత్రం వచ్చిన తొలి రోజుల్లోనే దీవికి వచ్చేసిన మనిషి. ఆయన చేపలవేట చేసి కొడుకుని చదివించాడు, కొడుకు ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయ్యాడు. ఆయన పోయి చాలాకాలమైంది. యాభై దాటిన ఈవిడ ఇప్పటికీ చేప కోస్తే కత్తి చప్పుడు వినబడదు. మాటలు తక్కువ. నేను అత్తయ్యగారూ అని పిలిస్తే, టీచరమ్మా అని పలికేది.

సుజాత మొగుడు, మా మరిది రామారావు అటవీ శాఖలో తెలిసినవాళ్ళ ద్వారా కొండమీది గెస్ట్‌హౌస్‌లో ఒక రోజు ఉండడానికి నాకూ సుజాతకీ పర్మిషన్ తెచ్చాడు. తెల్లదొరలు ఎండాకాలం చల్లదనానికి వెళ్ళేచోటట అది. తీరా బయలుదేరాల్సిన ముందురోజు పిల్లాడికి జ్వరం. సుజాత రాలేనంది. నేను మానేద్దామనుకుంటుంటే, వంటింటి గడప మీద కూర్చున్న వరహాలమ్మగారు అన్నారు:

"నానొత్తాను."

రామారావు నవ్వాడు. "నువ్వా? కొండమీద ఏముందే అమ్మా? చలి, జెలగలు."

"ఏటిరా, నువ్వు పుట్టకముందే ఎక్కినాను ఆ కొండ" అన్నారావిడ, లేచి చీర మడత పెట్టుకుంటూ.

ఎందుకొస్తున్నారో చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ అప్పటినించీ నా కుతూహలం గెస్ట్‌హౌస్ మీదనించి ఆవిడ మీదికి మళ్ళింది.

నీటికి అవతల

చాథం రేవులో పడవెక్కి అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్‌లో దిగాం. పడవలో మనుషులతోపాటు సైకిళ్ళు, కోళ్ళు, ఒక పెళ్ళి బ్యాండు. ఒడ్డున అటవీ శాఖ జీపు దొరికింది. రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా సముద్రం ఒకసారి కుడిపక్కకీ ఒకసారి ఎడమపక్కకీ వచ్చేది.

ఒకచోట జీపు ఆగిపోయింది. ఎదురుగా ఏనుగు, గొలుసుతో పెద్ద దుంగని ఈడ్చుకుంటూ. మన దగ్గర ఏనుగంటే గుడి ముందు నిలబడి తొండంతో దీవించేది. ఇక్కడ అది కూలి మనిషి. దాని మావటి మా డ్రైవర్ని బీడీ అడిగాడు. ఇద్దరూ తీరిగ్గా కాల్చుకున్నారు. ఆ ఏనుగు కూడా ఒళ్ళు విరుచుకుని, పక్కన ఉన్న వెదురు విరుచుకు తింది. ఎవరికీ తొందర లేదు.

వరహాలమ్మగారు మాత్రం రోడ్డుకేసి చూస్తున్నారు. "ఇక్కడే ఇరిగిపడింది" అన్నారు, తనలో తను.

"ఏమిటత్తయ్యగారూ?"

"తోవ."

మేక తిన్న పర్మిషన్

గెస్ట్‌హౌస్ పూర్తిగా చెక్కతో కట్టింది. పొడవాటి వరండా, పేము కుర్చీలు, కింద దూరంగా పోర్ట్ బ్లెయిర్ ఇళ్ళు, వాటికి అవతల దీవులు. దిగగానే ఆ అందం చూడాల్సింది. నేను చూసింది నా పాదం. జెలగ పట్టుకుని ఉంది. కెవ్వుమని, చేతిలో సంచీ కాగితాలూ వరండా గట్టుమీద పడేసి దాన్ని పీక్కునేసరికి, ఒక నల్లమేక మా పర్మిషన్ కాగితాన్ని సగం నమిలేసింది.

లోపల్నించి వంటమనిషి పరుగెత్తుకొచ్చాడు. పేరు జేమ్స్. వాళ్ళ నాన్న అడవిపనికి రాంచీనించి వచ్చినవాడట. నెత్తి నెరిసింది, నవ్వు నెరవలేదు. కొండమీద పనిచేసిన తెలుగు కూలీల దగ్గర మన భాష నేర్చుకున్నాడు.

"ఫికర్ లేదు దీదీ! సీలున్న ముక్క మిగిలింది కదా, బస్. ఇక్కడ మేకలదే రాజ్యం. ఎంత పెద్ద సాబ్ ఆర్డరైనా ఇవి చూసి పాస్ చెయ్యాల్సిందే."

ఆ గొడవలో వరహాలమ్మగారు ఏమయ్యారో చూడలేదు. వెతికితే ఇంటి వెనక ఉన్నారు. చెప్పులు దూరంగా విప్పి, వంటిల్లు వెనక గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"అమ్మాజీ, ఇటెందుకు? గెస్ట్ కదా మీరు, ముందునించి రండి" అన్నాడు జేమ్స్.

ఆవిడ ఉలిక్కిపడ్డట్టు చూసి, "అలవాటు బాబూ" అన్నారు. ముందుకు తిరిగొచ్చి, వరండా మెట్టుమీద కాలు పెట్టేముందు ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఎక్కారు.

టీ వేళ

సాయంకాలం మబ్బు దిగి వరండాలోకి వచ్చేసింది. చుక్కల జింకలు అడవిలోంచి వచ్చి మందార మొక్కలు మేస్తున్నాయి, మమ్మల్ని లెక్కచెయ్యకుండా. "ఇవీ మనలాగే ఓడ దిగినవే దీదీ" అన్నాడు జేమ్స్ టీ పోస్తూ. "అంగ్రేజ్ వాళ్ళు వేటకోసం తెచ్చి వదిలారు. ఇక్కడ పులి లేదు కదా, హాయిగా పెరిగిపోయాయి."

టీతోపాటు గారెల్లాంటివేవో పెట్టాడు. పెండలం తురిమి చేసినవట, పైన పచ్చిమిరపకాయ. ఆ చలిలో ఎన్ని తిన్నానో చెప్పను.

ఇక్కడికొచ్చిన అతిథులంతా వెళ్ళిపోతారు, వాళ్ళ కబుర్లు మాత్రం జేమ్స్ దగ్గరే ఉండిపోతాయి. ఒక కలకత్తా ఆఫీసరు పళ్ళసెట్టు తీసి గ్లాసులో పెట్టి ఈ వరండాలోనే కునుకు తీశాడట. కాకి ఎత్తుకుపోయింది. ఆయన రెండు రోజులు గంజి తాగాడు. ఇన్స్‌పెక్షన్ చేస్తూ ఎవర్నీ తిట్టలేకపోయాడు, తిట్టబోతే గాలే వచ్చేదట. పళ్ళు చివరికి మేకల కొట్టంలో దొరికాయి. ఇంకొక మద్రాసు కొత్త పెళ్ళికూతురు జింకకి అన్నం పెట్టి మచ్చిక చేసి, వెళ్ళేరోజు దాన్ని జీపులో ఎక్కించమని ఏడ్చిందట. మొగుడికన్నా జింకనే ఎక్కువసార్లు వెనక్కి తిరిగి చూసిందట.

నేను నవ్వుతున్నాను. అతనికి ఉత్సాహం పెరిగింది.

"ఆ మూల గది చూశారా? అందులో ఒక పాప పుట్టింది. నాకు ముందు పనిచేసిన ముసలి వంటవాడు చెప్పేవాడు. ఒక ఆఫీసరు, నెలలు నిండని భార్యని తీసుకుని గాలిమార్పుకి వచ్చాడు. తుఫాను. రోడ్డు తెగిపోయింది. ఆమెకి నొప్పులు. అప్పుడు కిందనించి ఒక బర్మా నర్సు, వానలో, నడిచి కొండెక్కి వచ్చి పురుడు పోసింది. పిడికెడంత పిల్లని గుండెకి హత్తుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అలాంటి మనుషులు ఇప్పుడున్నారా చెప్పండి! ఆ పాప మొన్నామధ్య మళ్ళీ వచ్చింది, మొగుడితో..."

"ఎవురు?"

వరహాలమ్మగారు. అంతవరకూ ఆవిడ ఉన్నారన్న సంగతే మర్చిపోయాం.

"ఆ పాపే అమ్మాజీ. పెద్దయింది, పెళ్ళయింది. పుట్టిన గది చూస్తానని వచ్చింది."

"బతికిందా?"

జేమ్స్ నవ్వేశాడు. "బతక్కపోతే ఎలా వస్తుంది అమ్మాజీ?"

ఆవిడ నవ్వలేదు. గ్లాసు కిందపెట్టారు. కొంగు మొహానికి అడ్డంపెట్టుకుని ముందుకి వంగిపోయారు. జీపు కుదుపులకి వాంతి వస్తోందేమోనని నేను లేచి వీపు పట్టుకున్నాను. వీపు వణుకుతోంది. ఏడుపు.

ఆవిడ చెప్పింది

ఆ ఏడు వేటకెళ్ళిన పడవ పగిలిపోతే, కొత్త పడవ దొరికేదాకా ఆవిడ మొగుడు అప్పన్న ఈ కొండరోడ్డు మీద కూలికి చేరాడట. ఆవిడ గెస్ట్‌హౌస్‌కి కింది ఊటనించి నీళ్ళు మోసేది. నీళ్ళు వెనకగుమ్మం దగ్గర పోసి వెళ్ళిపోవడమే. వరండా ఎక్కే పనిలేదు, ఎక్కనిచ్చేవారూ లేరు.

"రోడ్డిరిగిపోనాదని తెలిసి ఆ ఆపీసరు బాబు తనే డాక్టరుకోసం కొండ దిగీసినాడు. వంటముసలాయన గదిలోకి రానన్నాడు, మగోణ్ణి నాకేటి తెలుసు అని. ఆ యమ్మ కేకలు. మాయమ్మ పురుళ్ళు పొయ్యడం సిన్నప్పుడు సూసినాను, అంతే. ఎల్లీసినాను లోపలికి."

తెల్లవారేసరికి పిల్ల పుట్టింది. ఏడుపు కూడా సరిగా లేదట, పిల్లికూనలా మూలిగింది. తల్లికి ఒళ్ళు కాలిపోయే జ్వరం, పాలు లేవు. దొరలు తాగి పడేసిన సోడాసీసాలు కొట్టంలో ఉంటే తెచ్చి, వేణ్ణీళ్ళు నింపి, గుడ్డలు చుట్టి, బుట్టలో పిల్ల చుట్టూ పేర్చింది. ఈనిన మేక ఉంటే పాలు పితికి, నీళ్ళు కలిపి కాచి, దూదితో చుక్క చుక్క నోట్లో పిండింది.

"మద్దేనానికి డాక్టరూ, నర్సమ్మా వచ్చీసినారు. నన్ను పక్కకి జరగమన్నారు. జరిగినాను. పిల్లని ఎత్తుకుపోనారు. ఆ యమ్మ నా సెయ్యి పట్టుకుని పేరడిగింది. సెప్పినాను. ఆవిడికి నోరు తిరగనేదు."

"తర్వాత ఎవరినీ అడగలేదా?"

"ఎవుర్నడుగుతాను టీచరమ్మా? ఏటని అడుగుతాను? నెల తిరక్కుండా ఆళ్ళు ఓడెక్కీసినారట. అంత సిన్న పిల్ల. మేకపాలు ఎక్కువ పోసీసినానో, సీసాలు ఏడెక్కువయిపోనాయో... నా సేతిలోనే పోయిందేమోనని. అప్పుణ్ణించి ఇంకెవురి పురిటికీ ఎల్లనేదు. పిలిసినారు. సేతులు రానేదు."

నాకు ఒక్కసారిగా సుజాత ఉత్తరం గుర్తొచ్చింది. తను ఆస్పత్రిలో పురిటినొప్పులు పడుతుంటే అత్తగారు గదిలోకి తొంగి కూడా చూడలేదని, బయట మెట్లమీదే కూర్చుండిపోయిందని, ఎంత రాతిమనిషో అని కన్నీళ్ళతో రాసింది. నేనూ నమ్మాను.

నాకు కోపం ముంచుకొచ్చింది. "చూశారా అత్తయ్యగారూ, చేసిందంతా మీరు. పేరు మాత్రం ఆ నర్సుది!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని నాకేసి వింతగా చూశారు. "ఆ నర్సమ్మ మంచిదే. తోవంతా బురద. జారిపోతానని సెప్పులిప్పీసి, వట్టికాళ్ళతో దిగింది, పిల్లని రొమ్ముకి అదిమిపట్టి. నాను సూసినాను. ఆవిడికీ పేరు రావాల."

అని, జేమ్స్‌వైపు తిరిగారు. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. నాలుగు రోజులుగా నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఊపిరాడకుండా అడిగింది. పిల్ల ఎలాగుంది? బక్కగా ఉందా? ఏం తిన్నాది? దగ్గేటైనా ఉందా? మొగుడు మంచోడేనా? ఎక్కడ కూకుంది?

జేమ్స్ పాపం తన జ్ఞాపకమంతా తవ్వి తీశాడు. పొడవుగా, బొద్దుగా ఉంది. చేపలకూర రెండోసారి వడ్డించుకుంది. గట్టిగా నవ్వుతుంది. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుంది.

"ఇంకొకటి అమ్మాజీ. వస్తూ వస్తూ బెల్లం తెచ్చింది, మేకలకోసం. తన మొదటి పాలు ఇక్కడి మేకవేనని వాళ్ళమ్మ చెప్పిందట. కొట్టంలో ఉన్న మేకలన్నిటికీ తినిపించింది. నేను అనుకున్నాను, ఈ బడేలోగ్, గొప్పోళ్ళ పిచ్చి ఇంతే అని."

వరహాలమ్మగారు నవ్వడం మొదలుపెట్టారు. ముందు సన్నగా, తర్వాత భుజాలు ఊగేలా.

"అయితే మేకకి పేరొచ్చీసింది!" అన్నారు. "పోన్లే. పాలిచ్చింది అదేగదా."

మూల గది ఖాళీగానే ఉంది. జేమ్స్ తలుపు తీశాడు. ఆవిడ లోపలికెళ్ళి, మంచం మారిపోయిందన్నారు. కిటికీ మాత్రం అదే. కిటికీ అవతల మబ్బు తప్ప ఏమీ లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

మర్నాడు

పొద్దున్న మబ్బు విడిపోయి, కింద సముద్రం పళ్ళెంలా కనిపించింది. నేను లేచేసరికి వరహాలమ్మగారు కొట్టంలో ఉన్నారు. మా పర్మిషన్ తిన్న నల్లమేక ఈరోజో రేపో ఈనుతుందట. దాని పొట్ట తడిమి, "రెండు పిల్లలు" అన్నారు. జేమ్స్ ఒకటే అన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి ఎవరు గెలిచారో నాకు తెలియదు. మేం ఉండగా అది ఈనలేదు.

టిఫిన్‌కి రొట్టె, పచ్చి కొబ్బరి, బెల్లం వేసిన ఏదో కూర. అదేం కూరో అడిగి రాసుకుందామనుకుని మర్చిపోయాను. మమ్మల్ని దింపాల్సిన జీపు కొత్త అతిథుల్ని తీసుకుని వచ్చేసింది. ఢిల్లీవైపు వాళ్ళు, నడివయసు దంపతులు. జేమ్స్ వాళ్ళని వరండాలో కూర్చోబెట్టి, టీ పోసి, అప్పుడే కథ అందుకున్నాడు. నేను సామాను సర్దుకుంటూ లోపల్నించి వింటున్నాను.

హిందీలో చెబుతున్నాడు. తుఫాను, తెగిపోయిన రోడ్డు, నొప్పులు. ఈసారి కథలోకి నీళ్ళు మోసే ఒక తెలుగు అమ్మాయి వచ్చింది. నా గుండె నిండిపోయింది. కానీ జేమ్స్ అక్కడితో ఆగే మనిషి కాదు. డాక్టరు రావడానికి దారి లేకపోతే ఏం జరిగిందనుకున్నారు సాబ్, ఆ అమ్మాయి అడవిలోకి పరుగెత్తి, దుంగలు లాగే ఏనుగుని పిలుచుకొచ్చింది, ఆ ఏనుగు డాక్టర్ని నర్సుని వీపుమీద ఎక్కించుకుని...

కొట్టం దగ్గర మేకకి ఆకు వేస్తున్న వరహాలమ్మగారు చేతులు దులుపుకున్నారు. నేను వెనకనించి పిలిచాను, "అత్తయ్యగారూ, జీపు..." అని. వినిపించుకోలేదు. చుట్టు తిరిగి, ముందు మెట్లు ఎక్కి, వరండాలోకి వెళ్ళి, ఒక పేము కుర్చీ లాక్కుని ఆ దంపతుల ఎదురుగా కూర్చున్నారు.

"హాథీ నహీ థా భయ్యా" అన్నారు, మేకల కొట్టం వైపు చెయ్యి చూపిస్తూ. "బక్రీ థీ."

ఢిల్లీ ఆవిడ కప్పు పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది. జేమ్స్ నవ్వి, ఇంకొక కప్పు తెచ్చి టీ పోసి ఆవిడ ముందు పెట్టాడు. వరహాలమ్మగారు ఒక గుక్క తాగి, తన దీవి హిందీలో, ఊటదగ్గర నీళ్ళ బిందె నుంచి మొదలుపెట్టారు.

డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఎవరూ కదలకపోయేసరికి ఇంజన్ ఆపేసి, తనూ వచ్చి మెట్లమీద కూర్చున్నాడు.